జీలుగువలసలో డాక్టరమ్మ చెయ్యి

పెనం మీద చెయ్యి పెట్టింది వకుళ అయితే, అబ్బా అన్నది సీతాపతి.

అట్టు తిరగెయ్యబోతూ ఆమె వెనక్కి తిరిగి భర్తతో ఏదో చెబుతోంది. కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ పెనం అంచుకి ఆనాయి. ఆనినవి అక్కడే ఉండిపోయాయి. కమురు వాసన ముందు సీతాపతికి తగిలింది. పేపరు పడేసి ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకు లాగాడు.

"అబ్బా! ఏమిటే ఇది?"

"ఏమైందండీ?" అంది వకుళ, నిజంగానే తెలియక. తర్వాత వేళ్ళ వంక చూసుకుంది. చివర్లు తెల్లగా ఉబ్బుతున్నాయి.

కుళాయి కింద చెయ్యి పెట్టించి, "మండుతోందా?" అని అడిగాడు.

"నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడుతోంది."

"నేనడిగింది చప్పుడు కాదు."

ఆమె కుళాయి కట్టేసింది. చెయ్యి మొద్దుబారడం మొదలైనప్పుడే షుగరు పరీక్ష చేయించుకుంది, లేదు. మెడ ఎముకలకి ఫోటో తీయించుకుంది, బాగానే ఉన్నాయి. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ చెయ్యి ఎవరో తగిలించి వెళ్ళిన వస్తువులా ఉంటోంది. పప్పులో రాయి తెలియడం లేదు. చీర కుచ్చిళ్ళు పెట్టుకునేటప్పుడు కళ్ళతో చూసి లెక్క సరిచూసుకోవలసి వస్తోంది. ఈ మాటలేవీ సీతాపతికి చెప్పలేదు. అతను లెక్కల మేష్టారుగా పనిచేసి మొన్ననే ఇంటిపట్టున కూర్చున్నాడు. అతనికి ఒక సంగతి తెలిస్తే దాని జవాబు తేలేదాకా నిద్రపోడు.

"ఈ పూటకి ఆసుపత్రి మానెయ్యి," అన్నాడు.

"జీలుగువలస వాళ్ళు కాచుక్కూచుంటారు."

వేళ్ళకి మందు రాసి పల్చటి గుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయింది.

సాలూరు బస్టాండు వెనక సందులో ఆమె ఆసుపత్రి. రెండు గదులు, ఒక వరండా. ఇప్పుడు వచ్చే గర్భిణులలో కొందరు ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళే. కొండల అవతలి జీలుగువలస నుంచి కూడా ఆమె దగ్గరికే వచ్చేవారు. నడిచి, గెడ్డ అనే కొండవాగు దాటి, జీపు పట్టుకుని. వానాకాలం గెడ్డ పొంగితే మాత్రం రాలేకపోయేవారు. రాలేకపోయినవాళ్ళ సంగతులు వానలు తగ్గాక తెలిసేవి. అందుకే విశాఖపట్నం పరిశోధనశాలవాళ్ళు వచ్చి తమ కొత్త పరికరాన్ని ఒక ఊళ్ళో పరీక్షించి చూడాలి, మీరు ఒప్పుకుంటారా అని అడిగితే, వాళ్ళు మాట ముగించకుండానే ఆమె జీలుగువలస పేరు చెప్పింది.

తన గదిలో కూర్చుని వకుళ తొడుగు వేసుకుంది. మోచేతి దాకా వచ్చే బూడిదరంగు తొడుగు. లోపలి వైపు వెంట్రుక కంటే సన్నటి తీగలు. దాని జంట జీలుగువలసలో ఉంది. అది మణికట్టు దాకా ఉండే ఒక చెయ్యి. మెత్తగా, మనిషి ఒంటి వేడితో ఉంటుంది. ఇక్కడ వకుళ వేళ్ళు వంచితే అక్కడ అది వంచుతుంది. అక్కడ దానికి ఏది తగిలినా ఇక్కడ వకుళకి తగులుతుంది. ఆ ఊళ్ళో ఆశా కార్యకర్త నూకాలు దాన్ని చెక్కపెట్టెలో పెట్టుకుని ఇంటింటికీ మోసుకెళుతుంది. పరిశోధనశాలవాళ్ళు దానికి ఏదో పెద్ద పేరు పెట్టారు. ఊళ్ళో అందరూ డాక్టరమ్మ సెయ్యి అంటారు.

తెర మీద తవిటమ్మ కనబడింది. వకుళ ఈడుదే. ఉతికిన చీర, మొహానికి పౌడరు, జడలో కనకాంబరాలు.

"పెళ్ళికి వెళుతున్నావా తవిటమ్మా?"

"నువ్వొస్తే పెల్లి కాదేటి తల్లీ? మా ఇంటికొచ్చినట్టే గదా. ముతకసీరతో కూకోమంటావేటి?"

"ఇంత ముస్తాబైతే నీ ఒంట్లో బాగాలేదని నాకెలా తెలుస్తుంది? పాలిపోయిన మొహం పౌడరు కింద పెట్టేశావు."

"మొకంతో పనేటి? నొప్పి కడుపులో గదా!"

వెనకాల నూకాలు నవ్వుతూ చేతిని తీసి తవిటమ్మ పొట్టమీద పెట్టింది. వకుళ కళ్ళు మూసుకుంది.

ప్రతిసారీ ఈ క్షణంలో ఆమెకి ఒళ్ళు పులకరిస్తుంది. అంత దూరాన ఉన్న పొట్ట, మెత్తగా, వెచ్చగా, ఊపిరితో లేచి దిగుతూ, తన వేళ్ళ కిందికి వచ్చేసింది. కాన్పుల నాటి చారలు. మొలతాడు ముడి. చీర మడతలో ఇరుక్కున్న వరిపొట్టు ఒకటి చురుక్కున గుచ్చుకుంది. పొద్దున్న పెనాన్ని ఎరగని వేలికే అది గుచ్చుకుంది.

ఆమె ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. తెర మూలన వసారాలో రెండు పొయ్యిలు కనబడుతున్నాయి. ఒకటి తవిటమ్మది, ఒకటి కోడలు ఝాన్సీది. రెండోదాని దగ్గర ఝాన్సీ వీపు ఇటు పెట్టి కూర్చుని ఉంది. కొడుకు పెళ్ళయిన ఏడాదే చేపల పులుసులో ఉప్పు దగ్గర మొదలైన మాటకి పొయ్యిలు వేరయ్యాయి. ఒకే చూరు కింద ఉంటూ అత్తాకోడళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. ఆ మాట వకుళకి ఇద్దరూ విడివిడిగా చెప్పారు.

"గాలి చేరింది, అంతే. రాత్రిపూట కందిపప్పు తగ్గించు."

"తగ్గిస్తానులే. ఇంకాసేపుంచు తల్లీ, ఆ సెయ్యి. హాయిగుంది."

వకుళ ఉంచింది. వెనక వరసలో పదిమంది ఉన్నా ఉంచింది.

*

ఆయుధ పూజనాడు ఆసుపత్రికి సెలవు. అయినా వకుళ తాళం తీసుకుని వచ్చింది. గుండె వినే గొట్టానికీ, కత్తెరలకీ బొట్లు పెట్టి, రెండు పువ్వులు ఉంచి, దండం పెట్టుకుంది. వెళ్ళిపోదామనుకుంటూనే కుర్చీలో కూర్చుని తొడుగు వేసుకుంది. పని లేకపోయినా అలా వేసుకోవడం ఈ మధ్య అలవాటైంది. పెట్టెలో చేతి కింద పరిచిన పాత నూలు చీర నేత వేళ్ళకి తెలుస్తుంది. ఆ కాసేపూ చెయ్యి తనదిగా ఉంటుంది.

తెర ఆపేసి ఉంది. మాట లేదు, బొమ్మ లేదు. స్పర్శ ఒక్కటే వస్తోంది. ఎవరో పెట్టె తెరిచినట్టున్నారు, గాలి తగిలింది. చేతిని రెండు అరచేతులు పట్టుకుని ఎత్తాయి. ఆ తర్వాత చల్లగా, మెత్తగా, బొటనవేలి మీద ఏదో పూత. తర్వాత చూపుడువేలు. ఒక్కొక్క వేలూ విడదీసి, గోరు ఉండవలసిన చోటు కూడా వదలకుండా పూస్తున్నారు.

పసుపు.

వకుళకి నవ్వు వచ్చింది. పసుపు ముద్ద ఎలా ఉంటుందో తెలిసి ఎన్నాళ్ళయిందో. వెంటనే మణికట్టు మీద తడి చుక్క, కుంకం బొట్టు. అక్షింతలు జలజల రాలాయి. ఒక బంతిపువ్వు అరచేతిలో కూర్చుంది. తర్వాత ఒకరెవరో ఆ చేతిని కళ్ళకద్దుకున్నారు. రెప్పల వెంట్రుకలు, వాటి కింద సన్నగా కదిలే కనుగుడ్డు. తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. చిన్నపిల్ల ఎవరో చూపుడువేలు పిడికిట పట్టుకుని వదలనంది.

ఫోను పక్కనే ఉంది. నూకాలూ, దాన్ని తడపకూడదమ్మా అని చెప్పాలి. చెప్పలేదు. కళ్ళు మూసుకుని కూర్చుంది.

మర్నాటికి పెట్టెలోని చేతి వేళ్ళు మూగబోయాయి. పరిశోధనశాల నుంచి హిమజ అనే అమ్మాయి కారులో వెళ్ళి దాన్ని తీసుకొచ్చి, సాలూరులో ఆగి వకుళ బల్లమీద పెట్టింది. దానికి అలిగిన పెళ్ళికూతురి వాలకం వచ్చింది.

"చూడండి మేడమ్! పసుపు కీళ్ళ సందుల్లోకి దిగింది. కుంకం నీళ్ళు లోపలికి పోయాయి. ఇది చెయ్యా, గడపా?"

"నిన్న మీ కారుకి నిమ్మకాయ కట్టలేదూ?"

"కట్టాం. ఇంజనులో పిండలేదు."

వకుళ గట్టిగా నవ్వేసింది. "కోప్పడకమ్మా. నాగలికి పూస్తారు, ఆటోకి పూస్తారు. దీనికొక్కదానికి పూయకపోతే అవమానించినట్టు కాదూ?"

బాగుచేయడానికి ఎంత లేదన్నా నెల పడుతుందని చెప్పి హిమజ దాన్ని విశాఖపట్నం పట్టుకుపోయింది. ఆ నెలంతా జీలుగువలస వాళ్ళని వకుళ తెరమీద చూసి, మాటలతోనే మందు చెప్పింది.

*

వకుళ వేళ్ళకి మొదట తలగడ గలీబు తెలిసింది. తర్వాత ఒక సాయంత్రం సీతాపతి చొక్కాకి బొత్తాం కుడుతుంటే సూది గుచ్చుకుని ఎర్రటి చుక్క వచ్చింది. చుక్క కంటే ముందు నొప్పి వచ్చింది. ఇంకో వారానికి, గంజి వారుస్తూ వార్పుగిన్నె అంచు పట్టుకుంది.

"అబ్బా!"

సీతాపతి వీధి గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చాడు. మొహంలో భయం లేదు. "ఏదీ, మళ్ళీ అను!"

"కాలిందండీ!"

"కాలిందా? నిజంగా కాలిందా?" అంటూ ఆమె చెయ్యి పట్టుకుని ఊదుతూ నవ్వుతున్నాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "వకుళా, ఆ తొడుగు వేసుకోక ఎన్నాళ్ళయింది?"

లెక్కల మేష్టారికి జవాబు దొరికింది.

హిమజ ఇంటికే వచ్చింది. వకుళని కళ్ళు మూసుకోమని, కుంచె వెంట్రుకతో ఒక్కొక్క వేలి మీదా గీస్తూ చాలాసేపు పరీక్షించింది. ఆ పిల్ల మొహం అంతకంతకూ చిన్నబోయింది.

"మేడమ్, మీ మెదడు ఆ చేతినే మీ చెయ్యి అనుకోవడం మొదలుపెట్టింది. రెండింటినీ ఉంచుకోలేక దగ్గరున్నదాన్ని వదిలేసింది. ఇలా అవుతుందని మాకు తెలియదు. ఇంత ఎక్కువగా వాడినవాళ్ళు మీరే మొదటివారు."

"ఇంకా వాడితే?"

"ఈసారి తిరిగి వచ్చింది. ప్రతిసారీ వస్తుందని చెప్పలేను."

"ఇంకేం, మానేస్తుంది," అన్నాడు సీతాపతి.

"గెడ్డ పొంగితే వాళ్ళకి ఎవరండీ?"

"నీకు ఎవరు?"

వకుళ తన వేళ్ళ వంక చూసుకుంది. పోయిన వానల్లో నూకాలు ఆ చేతిని ఒక నిండుచూలాలి పొట్టమీద పెడితే, బిడ్డ అడ్డం తిరిగి ఉందని ఈ వేళ్ళకే తెలిసింది. తెలిసింది కాబట్టి డోలీ కట్టి ముందురోజే గెడ్డ దాటించారు. ఆ బిడ్డే మొన్న పసుపు పూసినప్పుడు వేలు పట్టుకున్నదేమో.

హిమజ గొంతు సవరించుకుంది. "పరీక్ష గడువు అయిపోయింది. ఇప్పుడు రోగుల అభిప్రాయాలు తీసుకోవాలి. వాళ్ళు కావాలంటే కొనసాగుతుంది. వద్దంటే మూసేస్తాం. చెయ్యి బాగయింది, అది కూడా పట్టుకెళుతున్నాను. మీరూ వస్తారా మేడమ్?"

"వస్తాను. కానీ నా చేతి సంగతి వాళ్ళ దగ్గర ఎత్తకు. వాళ్ళ మంచిచెడ్డలు వాళ్ళు చెప్పుకోవాలి. నా మొహం చూసి చెప్పకూడదు."

సీతాపతి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

*

జీలుగువలస బడి వరండాలో అందరూ కూర్చున్నారు. కారు దిగుతున్న వకుళని చూసి ఎవరూ పలకరించలేదు. తలలు వంచుకున్నారు. చేతిని తామే పాడుచేశామన్న దిగులు ఆ నెలంతా ఊరిని పట్టుకుని ఉందని నూకాలు చెవిలో చెప్పింది.

"బాగైపోయిందమ్మా," అని వకుళ పెట్టె తెరిచి చూపించాకే నోళ్ళు తెరుచుకున్నాయి.

హిమజ టాబ్లెట్టు తీసింది. "దూరం నుంచి డాక్టరుగారు మిమ్మల్ని చూడటం ఎలా ఉంది? నిర్భయంగా చెప్పండి."

"బాగుంది."

"బాగుందండి."

"శానా బాగుంది."

వరండా ఈ చివర నుంచి ఆ చివరిదాకా అదే మాట. హిమజ తల పట్టుకుంది. "లోపాలు కూడా చెప్పాలండీ. ఒక్కటైనా చెప్పండి!"

"ఇంటికొచ్చినోలకి లోపాలెంచుతామేటమ్మా?" అన్నాడు ఎరకయ్య అనే ముసలాయన. కాసేపు ఆలోచించి, "ఒకటుంది. ఆ సెయ్యి కాపీ తాగదు," అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వుతో కట్ట తెగింది.

"సాలూరెల్లి సంతలో బజ్జీలు తినీదాన్ని. ఇప్పుడు రోగమొచ్చినా ఊల్లోనే పడుండాలి. మా ఆయనకి డబ్బులు మిగిల్నాయి, నాకు బజ్జీలు పోనాయి," అంది ఒకామె.

"అద్గదీ! రోగం పేరు బజ్జీలన్నమాట," అన్నాడు ఎరకయ్య.

"నీ రోగం పేరు సినిమా కాదేటి తాతా?"

అప్పుడు స్తంభం పక్క నుంచి ఝాన్సీ లేచింది. పదో తరగతి దాకా చదువుకున్న పిల్ల. హిమజ వైపే చూస్తూ మాట్లాడింది. "సాలూరెల్తే మేడమ్ గది తలుపేసీవారండి. ఏదైనా చెప్పుకోడానికి ఉండీది. ఇక్కడ మంచమ్మీద నేనుంటే గోడవతల చెవులుంటాయి. ఆడవాల్లకి చెప్పుకోవలసినవి కొన్నుంటాయి గదండి. అవి చెప్పకుండా మిగిలిపోతన్నాయి."

గోడవతలి చెవులు ఎవరివో అందరికీ తెలుసు. తవిటమ్మ మూతి తిప్పింది. హిమజ మాత్రం పండుగ చేసుకుంటున్నట్టు రాసుకుంది.

"మరి ఈ చెయ్యి ఉండాలా, వద్దా?"

"ఉండాలి!" ఈసారి ఎవరికీ సందేహం లేదు. వకుళ తల దించుకుంది. ఆమె కూడా ఆ మాటే అనుకుంటోంది. అనుకుంటూ ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ఉంది.

తవిటమ్మ ఇత్తడి గ్లాసుతో కాఫీ తెచ్చింది. "సెయ్యి తాగదు, మనిసి తాగుతాది గదా," అంటూ వకుళ చేతికిచ్చి, ఆ చేతిని వదలకుండా తిప్పి చూసింది. "ఇదేటి తల్లీ, ఈ మచ్చ?"

"పెనం తగిలింది."

"రెండేల్లకీనా? అంతసేపు పెట్టీసి ఉంచినావేటి?"

"తెలియలేదు తవిటమ్మా."

పెనం తగిలితే తెలియకపోవడం ఏమిటో పొయ్యి దగ్గర బతికే ఆడవాళ్ళకి అర్థం కాలేదు. ఒకరిద్దరు లేచి దగ్గరికి వచ్చి చూశారు. వకుళ మాట మార్చబోయింది. తవిటమ్మ చెయ్యి వదల్లేదు. చివరికి హిమజ, మేడమ్ వద్దన్నా వినకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఈ చెయ్యి ఇక్కడ పనిచేసినన్నాళ్ళూ ఆవిడ చెయ్యి అక్కడ మొద్దుబారుతుందని. కొన్నాళ్ళకి తిరిగి రాకపోవచ్చునని.

"అయితే పసుపు వల్ల కాదేటి?" అన్నాడు ఎరకయ్య మెల్లగా.

"పసుపు వల్లే ఆవిడకి తిరిగి వచ్చింది తాతా," అంది హిమజ.

తవిటమ్మ కొంగుతో నోరు మూసుకుంది. తర్వాత కొంగు తీసి అందరూ వినేలా అంది. "నాకు ఏ నొప్పీ నేదు తల్లీ, సగం సార్లు. గాలీ నేదు, గీలీ నేదు. నువ్వు సెయ్యేస్తే బాగుంటాదని పిలిసీదాన్ని. నా ఒంటిమీద సెయ్యేసీవోలు ఎవులున్నారు?"

ఝాన్సీ స్తంభం వైపు తిరిగిపోయింది.

"నానూ అంతే," అంది బజ్జీల ఆమె. ఇంకెవరో కూడా అవునన్నారు. ఊరు ఊరంతా తన తప్పు తాను వెతుక్కోవడం చూసి వకుళ గ్లాసు కింద పెట్టేసింది. "మీరు పిలిచారు, నేను వచ్చాను. నాకూ బాగుండే వచ్చాను. అందులో తప్పేముంది?" అంది.

వాళ్ళు వినలేదు. అక్కడికక్కడే పెద్దలు కూడిపోయారు. ఒకరు పెట్టె పంపెయ్యాలన్నారు. నిండుచూలాళ్ళ మాటేమిటని ఇంకొకరన్నారు. చాలాసేపు వాదులాడుకుని చివరికి ఎరకయ్య తీర్పు చెప్పాడు.

"రాసుకోమ్మా. సెయ్యి శానా బాగుంది. అందుకని దాన్ని పెట్టిలోనే ఉంచాల. కానుపులకీ, పేనం మీదకొచ్చినప్పుడూ తియ్యాల. మిగతాదానికి నోరుంది, నోటితో సెప్పుకుంటాం. నొప్పి ఎక్కడో, ఎలగో, మేమే తడుముకుని సెప్తాం."

హిమజ టాబ్లెట్టు వైపు చూసి, "కావాలి, వద్దు అని రెండే గడులున్నాయండీ. ఇది ఎందులో నొక్కను?" అంది.

"మూడోది గియ్యి."

*

మూడో గడి గీయించడానికి హిమజ పరిశోధనశాలలో చాలా పోట్లాడిందట. మొత్తానికి చెయ్యి జీలుగువలసలోనే ఉండిపోయింది. పెట్టె తాళంచెవి నూకాలు మెడలోని తాడుకి చేరింది. ఝాన్సీ మాట వల్ల నూకాలు ఇంటి వెనక గదికి తలుపూ, గడియా వచ్చాయి. తెరముందు మాట్లాడేవాళ్ళు అందులో ఒంటరిగా కూర్చుని మాట్లాడతారు. వకుళ వేళ్ళు పూర్తిగా ఇంటికి తిరిగొచ్చాయి. కాన్పుల కోసం తొడుగు వేసుకున్నప్పుడు రెండు మూడు రోజులు కాస్త మందగించి, మళ్ళీ తేరుకునేవి.

జీలుగువలసవాళ్ళు నోటితో చెప్పుకోవడం నేర్చుకున్నారు. ఆ మాటలు వింటుంటే వకుళకి ముచ్చటేసేది. మోకాలులో ఇసక పోసినట్టుందని ఒకరు, గుండెకాయ మెట్లెక్కుతోందని ఒకరు. తవిటమ్మ మాత్రం ఫోను చెయ్యడమే మానేసింది.

శ్రావణంలో, వాన పట్టు విడవని ఒక మధ్యాహ్నం, తెర మీద ఝాన్సీ మొహం వచ్చింది. తల తడిసిపోయి ఉంది.

"మేడమ్, మా అత్త పొయ్యి పొద్దుట్నుంచీ ఎలగలేదండి."

"ఏమైంది?"

"అడగలేదండి. మాటల్లేవు గదా. పొగ రాకపోతే ఎల్లి చూసేను. ముడుచుకు పడుంది. వాంతులు. ఒళ్ళు కాలిపోతంది."

నూకాలు పెట్టెతో వచ్చింది. తెరలో తవిటమ్మ కనబడింది. పౌడరు లేదు, కనకాంబరాలు లేవు. ముతక చీర.

"సెయ్యి తియ్యకే నూకాలూ!" అంది మూలుగుతూనే. "గాలి చేరింది. అదే పోద్ది."

"ఎప్పటి గాలేనేమో మేడమ్," అంది నూకాలు అనుమానంగా.

వకుళ పక్కన తొడుగు ఉంది. మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చిన సీతాపతి గుమ్మంలో ఆగిపోయి దానివంకే చూస్తున్నాడు.

"తవిటమ్మా, విను. నాకు అవసరమైతే తొడుక్కుంటాను. నిన్ను అడగను. ముందు నీ మాట ప్రకారమే చూద్దాం. నొప్పి ఎక్కడ మొదలైంది?"

"బొడ్డు కాడ, తెల్లారగట్ల."

"ఇప్పుడెక్కడుంది?"

"కిందకి దిగినాది. కుడేపుకి."

"ఝాన్సీ, చేతులు తుడుచుకో. మంచం మీద కూర్చుని అత్త పొట్టమీద చెయ్యి వెయ్యి."

ఝాన్సీ కదల్లేదు. తవిటమ్మ మొహం గోడకి తిప్పుకుంది. ఆ ఇంట్లో ఉప్పుగిన్నె కూడా చేతి నుంచి చేతికి అందుకోని మనుషులు వాళ్ళు.

"నూకాలు వేస్తాది మేడమ్," అంది ఝాన్సీ.

"నూకాలు తెర పట్టుకోవాలి. వెయ్యమ్మా."

ఝాన్సీ కొంగుతో చేతులు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. తర్వాత మెల్లగా, నిప్పు తాకుతున్నదానిలా, అత్త పొట్టమీద అరచెయ్యి ఆనించింది. తవిటమ్మ ఒళ్ళు ఒకసారి బిగుసుకుని సడలింది.

"ముందు ఎడమవైపు. మెల్లగా నొక్కు. ఎలా ఉంది?"

"మెత్తగుందండి. పిండిముద్దలాగ."

"బొడ్డు మీదుగా కుడివైపుకి రా. కిందికి. ఇంకా కిందికి."

"ఇక్కడ... మేడమ్, ఇక్కడ గట్టిగుంది. బల్లలాగుంది. నేను నొక్కకముందే బిగుసుకుపోతంది."

"అక్కడే మెల్లగా లోపలికి నొక్కి పట్టుకో. ఇప్పుడు చటుక్కున చెయ్యి తీసెయ్యి."

తవిటమ్మ అరిచిన అరుపుకి గుమ్మంలో సీతాపతి ఉలిక్కిపడ్డాడు.

"నొక్కితే కాదండి, తీస్తే అరిచింది!" అంది ఝాన్సీ. ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "తీస్తే నొప్పేటండి? ఎక్కడైనా తీస్తే నొప్పి తగ్గుతాది గదా?"

వకుళ చెయ్యి తొడుగు మీదికి వెళ్ళి, దాని మీద ఒక్క క్షణం ఆగి, ఫోను అందుకుంది. ఇంక అనుమానం లేదు. ఆ పిల్ల వేళ్ళు చెప్పినదానికి తన వేళ్ళు కలపవలసింది ఏమీ లేదు.

"కడుపులో పేగుతోక, అదే అపెండిక్సు, వాచింది. చిట్లకముందే ఆపరేషను చెయ్యాలి. గాలి కాదు నూకాలూ. డోలీ కట్టించు. గెడ్డ ఎలా ఉంది?"

"ట్రాక్టరు దాటుతోందండి, ఇప్పటికి."

"ఆ ఒడ్డుకి అంబులెన్సు పంపిస్తున్నాను. నీళ్ళు కూడా తాగించొద్దు. ఝాన్సీ, నువ్వు వెంట ఉండు. చెయ్యి వదలకు."

"వదలనండి," అంది ఝాన్సీ. అత్త చెయ్యి తన గుప్పిట్లో ఉందన్న సంగతి ఆమె అప్పుడే చూసుకున్నట్టుంది.

*

పేగుతోక చిట్లడానికి ఆట్టే వ్యవధి లేదని ఆపరేషను చేసిన డాక్టరు వకుళతో అన్నాడు. నాలుగోనాటికి ఆమె విజయనగరం వెళ్ళి ఆ ఆసుపత్రి వార్డులో తవిటమ్మ మంచం పక్కన కూర్చుంది. స్వయంగా నాడి పట్టుకుని చూసింది. కొంచెం గరుకైన మణికట్టు. దాని లోపల నిబ్బరంగా, ఒద్దికగా కొట్టుకుంటున్న నాడి.

"సెయ్యెలగుంది తల్లీ?" అని రోగి డాక్టర్ని అడిగింది.

"బాగుంది."

"తెలుస్తందా?"

"అన్నీ తెలుస్తున్నాయి."

మంచం రెండోవైపు ఝాన్సీ బత్తాయి ఒలుస్తోంది. ఒలిచిన తొన అత్త నోటికి అందించింది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. అలవాటు లేక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు ఉన్నారు.

అంతలో ఫోను మోగింది. హిమజ. వకుళ దాన్ని తవిటమ్మకిచ్చింది.

"తవిటమ్మగారూ, మొన్న వాన పట్టిన రోజు డాక్టరుగారు మిమ్మల్ని దూరం నుంచి చూశారు కదండీ. మీ అభిప్రాయం కావాలి. ఎలా ఉంది?"

"బాగుంది."

హిమజ నిట్టూర్పు ఫోనులోంచి అందరికీ వినబడింది. "లోపం ఏమీ లేదా అండీ?"

తవిటమ్మ బత్తాయి తొన నములుతూ ఆలోచించింది.

"ఉంది. రాసుకో. మా కోడలు గోల్లు తియ్యదమ్మా. పొట్టంతా గీరీసింది. డాక్టరమ్మ సేతికి గోల్లు నేవు."

"అయ్యో అత్తా!" అని గట్టిగా అనేసింది ఝాన్సీ. ఇన్నేళ్ళకి ఆమె నోట అత్తతో వచ్చిన మొదటి మాట అది. "చచ్చి బతికి నోరు విప్పితే, గోల్లేటి నీకు కనబడింది?"

"కనబడలేదే. గుచ్చుకున్నాయి."

"రాసుకున్నానండీ!" ఫోనులో హిమజ సంతోషం పట్టలేకపోతోంది.

ఝాన్సీ తన వేళ్ళు చాపి చూసుకుంది. పక్కమంచాలవాళ్ళు నవ్వుతున్నారు. తవిటమ్మ కుట్లు పట్టుకుని, నవ్వు ఆపుకోలేక తిట్టుకుంటోంది.

"మేడమ్, మీ కాడ గోల్లు తీసేది ఉంటే ఇవ్వండి," అంది ఝాన్సీ కచ్చగా.

వకుళ ఒడిలోని సంచీలో చెయ్యి పెట్టింది. కళ్ళు ఆ అత్తాకోడళ్ళ మీదే ఉన్నాయి. తాళంచెవులు, జేబురుమాలు, సీతాపతి దారి తిండికి కట్టిచ్చిన వేరుశనగ ఉండలు. వాటన్నిటి అడుగున, సన్నగా, చల్లగా, ఇనుము తగిలింది. ఆమె చూడకుండానే దాన్ని పట్టుకుని బయటికి తీసింది.